గొంతు తగ్గని బడి

మా ఊరి బోర్డు బడి ఒకప్పుడు పిల్లలు లేక మూతపడబోయింది. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. ఎందుకంటే ఆ బడి గురించి నేను వాళ్ళకు చెప్పేవన్నీ అందులో కాలు పెట్టడానికి చోటు లేని రోజుల ముచ్చట్లే. రెండూ నిజమే. రెండూ చూసినదాన్ని నేను.

కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో, దాచేపల్లికీ గురజాలకీ నడుమ, మెట్ట పొలాల మధ్య ఉండేది మా ఊరు. పొద్దున లేస్తే పిల్లలకు బర్రెల వెంట పోవడమో, మిరపకాయలు కోయడమో, తమ్ముణ్ణి చంకనేసుకుని తిరగడమో ఏదో ఒక పని ఉండేది. బడికి పోయేవాళ్ళు బహు తక్కువ. హాజరు లేకపోతే బోర్డు వాళ్ళు బడి ఎత్తేస్తారు. బడి ఎత్తేస్తే ఊరికి పరువు తక్కువ. అందుకని పెద్దలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రోజు సాయంత్రం ఊళ్ళో తప్పెట కొట్టించేవారు. ఆ తప్పెట వినపడిందంటే మర్నాడు ప్రతి ఇంట్లో ఉన్న పిల్లలందరికీ నూనె రాసి, తల దువ్వి, బడికి పంపాలి. ఆ ఒక్క రోజుకే సుమా. నడక వచ్చిన ప్రతివాడూ ఆ రోజుకు విద్యార్థే.

నడక రాని వాళ్ళను కూడా వదిలేవారు కాదు. నా మొదటి హాజరు మా పెద్దమ్మ కూతురి చంకలో ఉండగా పడిందట. నేను ఏడుపు లంకించుకుంటే ఇన్‌స్పెక్టరు గారు చెవులు మూసుకుని, "ఈ పిల్లది మంచి గొంతు" అన్నారట. ఈ సంగతి మా అమ్మ ఎవరు వచ్చినా చెప్పి మురిసిపోయేది. ఆ గొంతు అమ్మదే మరి. అమ్మ మిరప తోటలో నిలబడి పిలిస్తే వాగు దగ్గర బర్రెలు తలలెత్తేవి.

అట్లా అరువు పిల్లలతో బడిని నిలబెట్టుకున్నారు మా వాళ్ళు. ఒకటే గది. మా వైపు గోడలకూ గచ్చుకూ చేల కంచెలకూ అన్నిటికీ నాపరాళ్ళే కదా, బడి కూడా నిలువునా పాతిన నాపరాళ్ళ గోడలతోనే ఉండేది. పైన రెల్లు కప్పు. ఐదు తరగతులూ ఆ గదిలోనే, ఐదు తరగతులకూ ఒకరే పంతులు గారు. సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు గచ్చు మీద పడుకుని రాసుకునేంత చోటు ఉండేది. నాకంటూ కిటికీ పక్కన ఒక మూల ఉండేది. ఆ మూలలో ఇంకొకరు కూర్చుంటే జుట్టు పట్టుకునేదాన్ని. కోపం ముక్కు మీదే ఉండేది నాకు, ఇప్పటికీ పెద్దగా దిగలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడు నేను ఐదో తరగతి. జెండా ఎగరేశారు, బెల్లం పంచారు, అంతా బాగుంది. ఆ తరవాత కొద్ది నెలలకే కృష్ణ అవతల నిజాం ఇలాకాలో రజాకార్ల భయం ముదిరి, ఆ ఒడ్డు ఊళ్ళ వాళ్ళు పుట్టె పడవలెక్కి నది దాటి ఇవతలికి రావడం మొదలుపెట్టారు. ముందు నాలుగు కుటుంబాలు వచ్చాయి. తరవాత వీధులకు వీధులే వచ్చాయి. గడ్డివాముల పక్కన, పశువుల కొట్టాల్లో, ప్రార్థన గుడి వరండాలో, ఎక్కడ నీడ ఉంటే అక్కడ దిగారు. మా ఊరివాళ్ళకు మొరటు మాటలే గానీ మనసు మొరటు కాదు. ఉన్న జొన్నలే పంచుకున్నారు. కూలి పనులకు కలుపుకున్నారు. పిల్లలు ఊరికే తిరుగుతుంటే, "బడికి పంపండి, ఆడ నీడన్నా ఉండిద్ది" అన్నారు.

అంతే. మా బడి నిండిపోయింది. ఇసుక వేస్తే రాలనంతగా నిండింది. ఒకళ్ళ పరికిణీ అంచు మీద ఇంకొకళ్ళు కూర్చునేవాళ్ళు. లేవాలంటే వరసంతా లేవాలి. పలక పెట్టుకోవడానికి ఒడి లేక ముందు వాళ్ళ వీపుకు ఆనించి రాసేవాళ్ళం. వీపు కదిలిందా, అక్షరం వంకర పోయేది, పోట్లాట మొదలయ్యేది. నా కిటికీ మూలలో ఐదుగురు కుదురుకున్నారు. ఎవరి జుట్టని పట్టుకోను? పంతులు గారు పొద్దున గదిలో ఒక చివర నిలబడితే ఇంటి బెల్లు దాకా రెండో చివరికి చేరలేకపోయేవారు. ఆ రొదలో అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. నల్లబల్ల మీద రాసి చూపించేవారు, వెనక ఉన్నవాళ్ళకు బల్లే కనపడేది కాదు. మాకైతే గొంతులు పెరిగాయి. పక్కదానితో మాట్లాడాలన్నా అరవాల్సిందే గనక ఇంటికొచ్చి కూడా అరిచేవాళ్ళం.

ఒకనాడు అమ్మ పొలం నుంచి వస్తూ బడి వైపు తొంగి చూసింది. లోపల చోటు చాలక నేను గడప బయట ఎండలో నిలబడి, పలక గోడకు ఆనించి రాస్తున్నాను. అమ్మ నెత్తి మీద గంప దించింది.

"ఏందయ్యా పంతులు గారూ ఇది? బడా, సంతా? నా బిడ్డ ఎండలో నిలబడి రాసుకోవాల్సిన కర్మేంది?"

పంతులు గారు ఆ పోయిన గొంతుతోనే, "నేనేం చెయ్యనమ్మా? ఎవరిని వెళ్ళగొట్టమంటావు? నువ్వే వచ్చి చూపించు, ఎవరి బిడ్డను పొమ్మనాలో" అన్నారు.

అమ్మ లోపలికి చూసింది. మా వాళ్ళూ అవతలి ఒడ్డు వాళ్ళూ, అంతమంది పిల్లలూ తల తిప్పి అమ్మ వైపే చూస్తున్నారు. అమ్మ దించిన గంపను మళ్ళీ నెత్తికెత్తుకుంది.

"ఎవుర్నీ పొమ్మనను" అంది చివరికి. "నా బిడ్డనే తీసకపోతా."

మా అమ్మకు చదువు రాదు. పేరు రాయడం కూడా రాదు. కానీ నన్ను ఐదో తరగతి దాటించి గురజాల పెద్దబడిలో వెయ్యాలని ఆమె పట్టుదల. మా వాడలో అప్పటికి ఏ ఆడపిల్లా ఐదు గట్టెక్కలేదు. ఏడాది చివర ఇన్‌స్పెక్టరు గారు వచ్చి ఐదో తరగతి వాళ్ళను పరీక్ష చేస్తారు, ఆయన సరేనంటేనే పెద్దబడి. ఈ గందరగోళంలో నేను తప్పడం ఖాయమని అమ్మకు నమ్మకం కుదిరింది. గురజాలలో ఒకాయన తన ఇంటి అరుగు మీద ప్రైవేటు బడి నడుపుతున్నాడని, చదువు బ్రహ్మాండంగా చెబుతాడని విన్నది. దూడను అమ్మైనా సరే బడి జీతం కడతానంది. నాన్న నాపరాళ్ళ బండి తోలేవాడు. ఆయన మాట్లాడేది ఎద్దులతోనే. "నీ ఇష్టం" అని బండి కట్టాడు.

నిజం చెప్పాలంటే నేను ఎగిరి గంతేశాను. నాకంటూ ఒక చాప ముక్క, నా ఒళ్ళో నా పలక, పక్కన ఎవరి మోచెయ్యీ తగలకుండా ఉండటం అప్పట్లో నాకు స్వర్గమంటే అంతే. దారి పొడుగునా పాటలు పాడుతూ పోయాను.

గురజాలలో ఆ అరుగు చూసి నోరు తెరిచాను. కడిగి ముగ్గేసిన అరుగు. కొద్దిమంది మగపిల్లలు, ఒక్కొక్కడికీ ఒక తుంగచాప. చెక్క చట్రం ఉన్న పలకలు. చూరు కింద పావురాలు కువకువలాడుతుంటే ఆ చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. పిల్లలు పెదవులు కదిలిస్తూ లోపల్లోపల చదువుకుంటున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న అయ్యవారు నా చేతికి పుస్తకం ఇచ్చి, "చదువు" అన్నారు.

చదివాను. మా బడిలో ఎట్లా చదువుతామో అట్లాగే చదివాను. మొదటి వాక్యానికే చూరు కింది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. అయ్యవారు చెయ్యెత్తి, "గొంతు తగ్గించు. ఇది పొలం కాదు" అన్నారు.

తగ్గించబోయాను. నా వల్ల కాలేదు. గొంతు తగ్గిస్తే అక్షరం కూడా నోట్లోనే ఉండిపోయింది. గుసగుసగా చదవడం నాకు అలవాటే లేదు. మళ్ళీ పెంచితే మళ్ళీ నవ్వారు. కళ్ళ నీళ్ళు తిరిగాయి, ఏడుపుతో కాదు, ఒళ్ళు మంటతో.

"రెండో తరగతి వాళ్ళతో కూర్చోబెట్టి మొదటి నుంచీ దిద్దించాలి" అన్నారు అయ్యవారు అమ్మతో. "ఆ బోర్డు బళ్ళలో మందను మేపుతారు గానీ చదువు చెబుతారా? నీ తప్పు కాదులే."

బండి తిరుగు దారి పట్టింది. నేనే తెగించి, "ఆడికి పోనమ్మా. రెండో తరగతిలో కూచోను. చచ్చినా పోను" అన్నాను.

"ఐదులో పాసయ్యేది ఉంటే పోవద్దులే" అంది అమ్మ. "ఇనస్పెట్రు వచ్చిందాకా చూత్తా. ఆయన నిన్ను పాస్ చేత్తే సరే. లేదా, మర్నాడే ఈ అరుగు మీద కూచోబెడతా. ఏడ్చినా వదల్ను, చెప్తన్నా."

అమ్మ మాటంటే మాటే. ఆ రోజు నుంచి నాకు ఆ అరుగు కలలోకి వచ్చేది. కొత్త పిల్లాజెల్లా నడుమ నేను ఒక్కదాన్నే పెద్దదాన్ని, నోరు మూసుకుని అ ఆలు దిద్దుతున్నట్టు. బడిలో ఇంకొంచెం చోటు ఉండి, పంతులు గారు ఇంకొంచెం నా దగ్గరికి రాగలిగితే నాకు భయం ఉండేది కాదు. కానీ చోటు లేకపోగా, నా పక్కన ఒక అవతలి ఒడ్డు పిల్లను కూర్చోబెట్టారు. నా ఈడుదే. ఐదో తరగతే. తెలుగు అక్షరం ఒక్కటి రాదు.

"ఐదో తరగతికొచ్చి అ ఆలు రాకపోవడమేంది?" అన్నాను నిలదీసినట్టు.

"మా దిక్కు బళ్ళ ఉర్దూ చెప్తరు. తెలుగు చెప్పరు" అంది ఆ పిల్ల. "లెక్కలు అడుగు, చెప్త."

లెక్కలు అడిగే ఓపిక నాకెక్కడిది? ఇంటికి పోయి అమ్మ మీద పడ్డాను. ఆ పిల్లకు ఏమీ రాదు, దానికి చెప్పుకుంటూ కూర్చుంటే పంతులు గారు నా దాకా రావడం లేదు, నా పాఠం నేను ముగించుకుని ఊరికే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటున్నాను అని. అమ్మ జొన్నలు చెరుగుతూ వింటోంది. చేట ఆపింది.

"ఏమే, కలుపుకాడ నీ మునుము అయిపోతే గట్టెక్కి కూచుంటావా నువ్వు?"

ఈ మాట అర్థం కావాలంటే మా వైపు కలుపు తీసే పద్ధతి చెప్పాలి. ఆడవాళ్ళంతా వరసగా నిలబడి తలా కొన్ని సాళ్ళు పట్టుకుంటారు. ఒక్కొక్కరి వంతును మునుము అంటారు. అందరూ ఈ గట్టు నుంచి బయలుదేరి ఆ గట్టుకు చేరాలి. చెయ్యి చురుకైనవాళ్ళు ముందు చేరతారు, కానీ గట్టెక్కకూడదు. వెనక్కి తిరిగి, వెనకబడ్డదాని సాళ్ళలోకి ఎదురు దిగి కలుపు తీసుకుంటూ రావాలి. అందరి మునుములూ అయ్యాకే నీళ్ళకుండ దించుతారు. ముందే గట్టెక్కి కూర్చున్నదాన్ని మా వైపు మనిషి కింద జమకట్టరు.

"ఎక్కను" అన్నాను తల దించుకుని.

"మరి బళ్ళో ఎక్కి కూచున్నావేందే?" అంది అమ్మ, మళ్ళీ చేట అందుకుంటూ. తనకు గురజాల అరుగు మీద మనసున్నా, ఆ ఒక్క మాటతో నన్ను బోర్డు బడికి కట్టేసింది. ఆ సంగతి అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు.

మర్నాడు నా పాఠం అవ్వగానే ఆ పిల్ల వైపు తిరిగాను. కోపంగానే తిరిగాను, అబద్ధమెందుకు. "రాయి. అ" అన్నాను గట్టిగా. గచ్చు నాపరాయే గనక పలక అక్కర్లేకుండా కింద బలపంతో రాసి చూపించాను. ఆ పిల్ల రాసింది. తప్పు రాసింది. తుడిచి మళ్ళీ రాసింది. అక్షరాలు అయ్యాక లెక్క వచ్చింది. నేను వేళ్ళు ముడుస్తుంటే ఆ పిల్ల, "దో దూనీ చార్, దో తియా ఛే" అని గొణిగి జవాబు రాసేసింది. నేను నోరెళ్ళబెట్టాను.

"ఏందది?"

"ఎక్కాలు" అంది. అదీ మొదలు. దాని వెనకబాటు నేను అందుకున్నాను, నా వెనకబాటు అది అందుకుంది.

మా వరసలో ఉన్నవాళ్ళందరూ కలుపు తీసిన చేతులే. నేను చేస్తున్నదేమిటో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. చూసి పట్టుకున్నారు. పాఠం అయిన ప్రతివాడూ వెనక వరసకు తిరిగి, రానివాడికి ఎదురు పోయేవాడు. ఐదో తరగతి వాళ్ళం నాలుగుకు, నాలుగు వాళ్ళు మూడుకు. అందరికీ వచ్చాక "ఐపోయిందండీ!" అని వరసంతా ఒక్కసారి అరిస్తే పంతులు గారు వచ్చి చూసేవారు. వరసల మధ్య పోటీ కూడా వచ్చింది. ఒక్కడు మిగిలినా వరస ఓడినట్టే గనక, మొద్దు వెధవని పేరు పడ్డవాళ్ళ చుట్టూ నలుగురేసి మూగి నేర్పేవాళ్ళం. వాళ్ళు పారిపోదామన్నా పోనిచ్చేవాళ్ళం కాదు. రొద తగ్గిందా అంటే తగ్గలేదు, ఇంకా పెరిగింది. కానీ అది వేరే రొద. పంతులు గారు మొదటి వారమంతా నల్లబల్ల దగ్గర నిలబడి చూశారు. ఒకనాడు గడపలో నిలబడి మమ్మల్ని అట్లా చూసి, పైగుడ్డతో కళ్ళజోడు తుడుచుకుని, "కానివ్వండిరా, కానివ్వండి" అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చే కబురు ఎండలు ముదిరాక వచ్చింది. పంతులు గారికి నిద్ర పట్టలేదు. గది పట్టనంతమందిని చేర్చుకున్నందుకు ఏమంటారో అని ఒక భయం. అవతలి ఒడ్డు పిల్లల దగ్గర పాత బడి కాగితాలేమీ లేవు, వీళ్ళను తీసెయ్యమంటారేమోనని ఇంకో భయం. పెద్దల దగ్గరికి పోయి బతిమాలారు. "ఈసారి తప్పెట కొట్టించకండి. బడి పిల్లలే ఎక్కువయ్యారు. అరువు పిల్లలు అసలే వద్దు" అని. సరేనన్నారు పెద్దలు.

కానీ తప్పెట కొట్టే తాతకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే తప్పెట కొట్టాలని ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కొట్టాడు. చెవిన పడ్డాక మా ఊరి ఆడవాళ్ళు ఆగుతారా? బడిని నిలబెట్టిన చేతులు వాళ్ళవి. మర్నాడు పొద్దున చూద్దును గదా, నూనె తలలతో, కాటుక కళ్ళతో, ఊళ్ళోని పిల్లాజెల్లా అంతా బడి వైపు కదిలారు. అక్కల చంకల్లో పసివాళ్ళు, పసివాళ్ళ వెనక మేకపిల్లలు. అవతలి ఒడ్డు తల్లులు కూడా ఇదేదో ఈ ఊరి ఆచారమనుకుని ఉన్న పసివాళ్ళందరినీ తెచ్చారు. పంతులు గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గడప మీద కూలబడ్డారు.

ఇన్‌స్పెక్టరు గారి బండి వచ్చి ఆగింది. ఆయన దిగి గది లోపలికి పోబోయి, పోలేక, వేపచెట్టు కింద కుర్చీ వేయించుకున్నారు.

"వీళ్ళంతా ఈ బడి పిల్లలేనా?" అన్నారు.

ఊరి పెద్ద మీసం దువ్వుకుని, "అందరూ మా పిల్లలేనయ్యా!" అన్నాడు గర్వంగా.

"నిన్న సాయంత్రం పక్క ఊళ్ళో ఉన్నాను. తప్పెట నాకూ వినపడింది" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. "అరువు పిల్లల సంగతి నాకు తెలియదనుకున్నారా? ఈ గుంపులో చదివేవాళ్ళు పది మంది కూడా ఉండరు. ఈ బడికి ఉన్న పంతులే ఎక్కువ."

నేను గదిలో అవతలి మూలన, ఐదో తరగతి వరసలో ఉన్నాను. బయటికి రావడానికి దారి లేదు. గోడ అవతల పొలాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొడవళ్ళతో నిలబడి ఉన్నారు. అమ్మ కూడా ఉంది. కనపడదు గానీ దగ్గు వినపడింది. ఈయన ఇప్పుడు లేచి బండెక్కితే నేను రేపు గురజాల అరుగు మీద ఉంటాను.

పంతులు గారు లేచారు. గొంతు లేని మనిషి చేతులు జోడించి, "చదివించి చూడండి. అంతే అడుగుతున్నాను" అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు తన సంచిలోంచి మేమెప్పుడూ చూడని పుస్తకం ఒకటి తీసి లోపలికి పంపించారు. "ఐదో తరగతి. ఎవరైనా సరే. ఉన్నచోటు నుంచే చదవండి. ఇక్కడికి వినపడాలి."

పుస్తకం చేతులు మారి మారి నా దగ్గరికి వచ్చింది. బయట పసివాళ్ళ ఏడుపులు, మేకల అరుపులు, జనం గోల. ఒక్క క్షణం గురజాల అయ్యవారి చెయ్యి కళ్ళ ముందు లేచింది. గొంతు తగ్గించు. మరుక్షణం ఒళ్ళు మండింది. నిలబడి, గుండె నిండా ఊపిరి పీల్చి, ఉన్న గొంతంతా పెట్టి మొదలుపెట్టాను.

మొదటి వాక్యానికి గది మాట్లాడటం మానేసింది. రెండో వాక్యానికి బయట జనం ఆగిపోయారు. ఆ తరవాత మేకలు కూడా అరిచినట్టు గుర్తు లేదు. ఏదో నదుల గురించిన పాఠం. ఎక్కడా తడబడలేదు. పుట అయిపోయింది, తిప్పి రెండో పుట కూడా అందుకున్నాను. నాపరాళ్ళ సందుల్లోంచి గోడ అవతల ఒక గొంతు వినపడింది. "నా బిడ్డే! నా బిడ్డే చదివేది!" గురజాల అరుగు మీద ఆ ఒకటి రెండు వాక్యాలు తప్ప అమ్మ నా చదువు వినడం అదే మొదటిసారి. ఇంట్లో దీపం నూనె దండగని చదవనిచ్చేది కాదు మరి.

"చాలు, చాలు" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఇంకొకరు. ఆ చదివిన పిల్ల పక్కన ఎవరుంటే వాళ్ళు."

పక్కన ఉన్నది అవతలి ఒడ్డు పిల్ల. మా వరసంతా ఆ పిల్ల వైపు వంగింది. "ఎవరూ అందించకూడదు" అన్నారాయన. ఆ పిల్ల ఒక వత్తు దగ్గర ఆగింది. నా పెదవులు కదలబోతే పళ్ళతో కొరికి పట్టుకున్నాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, వేలితో గాలిలో ఆ వత్తు రాసుకుని, చదివేసింది. మా వరస కేక పెట్టింది. ఆయన లెక్క ఇచ్చారు. "దో దూనీ" అనుకుంటూ అందరికంటే ముందు జవాబు చెప్పిందా పిల్ల. ఇన్‌స్పెక్టరు గారి కనుబొమలు పైకి లేచాయి.

"ఈ పిల్ల ఏ బడి?"

"ఈ బడే!" అన్నాం వరసంతా. కప్పు మీది రెల్లు ఎగిరేంత గట్టిగా అన్నాం.

ఆయన లేచి, పైపంచె సర్దుకుని, ఒక పద్ధతి పెట్టారు. చదవగలిగినవాళ్ళు బయటికి వచ్చి వేపచెట్టుకు ఒక పక్క నిలబడాలి, రానివాళ్ళు రెండో పక్క. వరస వరసా లేచింది. పిలిచినవాడల్లా వచ్చి, ఆయన వేలు పెట్టిన చోట చదివి, ఇటు పక్కకే వచ్చి నిలబడ్డాడు. పెద్దవాళ్ళు వాక్యాలు, చిన్నవాళ్ళు మాటలు, మరీ చిన్నవాళ్ళు అక్షరాలు. ఇటు పక్క నిండి, చెట్టు నీడ దాటి, బాటలోకి పోయింది. చివరికి రెండో పక్కన మిగిలింది చంకల్లోని పసివాళ్ళూ, నోట్లో వేలు వేసుకున్న బుడతలూ, మేకపిల్లలూ.

ఇన్‌స్పెక్టరు గారు ఆ పక్కకు చూసి, ఈ పక్కకు చూసి, నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. "అరువు తెచ్చింది వీళ్ళనా? మేకలను కూడానా?" అన్నారు. ఊరి పెద్ద కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. తరవాత ఆయన పంతులు గారి రెండు చేతులూ పట్టుకుని, "ఒక్కరే ఎట్లా చేశారండీ?" అన్నారు. పంతులు గారు మా వైపు చూపించారు.

ఐదో తరగతిలో అందరం పాసయ్యాం. రెండో పంతులు వచ్చాడు, గదికి ఆనుకుని ఇంకో గది లేచింది. దానికి నాపరాళ్ళు మా నాన్న బండి మీదే వచ్చాయి. ఆయన నాలుగు మాటలు వరసగా మాట్లాడింది ఆ రోజే. "ఇది నా బిడ్డ బడికే" అని ఎదురైన ప్రతి బండివాడికీ చెప్పాడు. ఒక్క బిడ్డను కూడా పొమ్మనకుండా ఊరు బడిని రెండోసారి నిలబెట్టుకుంది.

జూన్‌లో నన్ను గురజాల పెద్దబడిలో చేర్చడానికి మళ్ళీ అదే బండి కట్టారు. దూడ కొట్టంలోనే ఉంది. అవతలి ఒడ్డు పిల్ల కూడా మాతోనే. వాళ్ళ అమ్మ మా అమ్మ చేతిలో పెట్టి పంపింది. గురజాలలో బండి ఆ అరుగు ముందుకు రాగానే అమ్మ, "ఆపు" అంది. నాన్న పగ్గాలు బిగించాడు. అరుగు మీద అవే చాపలు, చూరు కింద అవే పావురాలు.

"ఏమే, పుస్తకం తియ్" అంది అమ్మ. "ఇద్దరూ చదవండి."

"ఇక్కడా?" అన్నాను.

"ఈడే. గొంతు తగ్గించమాకండి."

మొదలుపెట్టాం. పావురాలు ఒక్కసారి లేచి పోయాయి. చాపల మీది తలలన్నీ ఇటు తిరిగాయి, ఈసారి ఎవరూ నవ్వలేదు. అయ్యవారు కళ్ళజోడు సర్దుకుంటూ అరుగు అంచుకు వచ్చి, ఎప్పటిలాగే చెయ్యెత్తారు.

"ఇది మీ అరుగు కాదయ్యగారూ, రోడ్డు" అంది అమ్మ. మా వైపు తిరిగి, "మీరు చదవండే" అంది.

ఆయన చెయ్యి అట్లాగే కాసేపు ఉండి, దిగింది. మేం పుట చివరి దాకా చదివాం. అప్పుడు గానీ అమ్మ బండి కదలనివ్వలేదు.